గరాజ్ తలుపు మీద సొట్టలు

మా గరాజ్ తలుపు మీద ముప్పై, నలభై సొట్టలున్నాయి. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళు చూసి, వడగళ్ళు గట్టిగానే పడ్డాయే అంటారు. మేముండేది డాలస్‌కు ఉత్తరాన. ఏటా వసంతంలో వడగళ్ళు పడటం, ఇన్సూరెన్స్‌వాళ్ళు నిచ్చెనలేసుకుని రావడం మాకు మామూలే కాబట్టి ఆ అనుమానంలో తప్పులేదు. కానీ ఈ సొట్టలు మా పెద్దవాడు తొమ్మిదో తరగతి చదివే ఏడాది లాక్రోస్ బంతితో పెట్టినవి. రోజూ బంతిని గోడకేసి కొట్టి పట్టమని కోచ్ చెప్పాడు. ఇటుక గోడ పక్కనే ఉంది. వాడికి తలుపే నచ్చింది.

మొన్న ఫ్రిస్కో నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, మావాడు టెన్నిస్ మానేసి లాక్రోస్ ఆడతాడట. అది తెల్లవాళ్ళ ఆట కదా, బాగా డబ్బున్నవాళ్ళది కదా, దెబ్బలు తగుల్తాయి కదా. కాలేజీకి ఏమన్నా పనికొస్తుందా? పైగా వాళ్ళ స్కూల్లో టీమ్ పెట్టి రెండేళ్ళేనట, ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదట" అని ఊపిరి తిప్పుకోకుండా అడిగింది. ఆ రోజు గంటసేపు మాట్లాడాను. అప్పుడు చెప్పినవీ, ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చినవీ కలిపి ఇలా రాస్తున్నాను. ఇదే ప్రశ్నతో ఇంకో పదిమంది అమ్మానాన్నలు ఉంటారని నా నమ్మకం.

ముందు ఆ తెల్లవాళ్ళ ఆట అన్న మాట సంగతి. చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఈ ఆట ఉత్తర అమెరికా ఆదివాసులది. న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర భాగంలోనూ కెనడాలోనూ ఉండే హోడెనొషోనీలు, అంటే మోహాక్, ఒనొండాగా, సెనెకా మొదలైన ఆరు జాతుల కూటమి, దీన్ని సృష్టికర్త ఇచ్చిన ఆట అంటారు. ఊళ్ళో ఎవరికన్నా జబ్బు చేస్తే నయం కావాలని మొక్కుకుని ఆడేవారు, ఇప్పటికీ ఆడతారు. 1867లో మాంట్రియల్‌లో విలియం జార్జ్ బీర్స్ అనే పళ్ళ డాక్టరు దీనికి నిబంధనలు రాశాడు. 1880కల్లా కెనడా సంఘంవాళ్ళు ఆట నేర్పినవాళ్ళనే పోటీల్లోంచి బయటపెట్టారు. 2010లో ప్రపంచ పోటీలకు ఇంగ్లండ్ వెళ్ళాల్సిన హోడెనొషోనీ జట్టును, వాళ్ళ సొంత పాస్‌పోర్టులు చెల్లవంటూ బ్రిటన్ రానివ్వలేదు. మీ పిల్లాడు స్టిక్ పట్టుకున్న మొదటి వారంలోనే ఈ కథ చెప్పండి. తన ఊళ్ళో తనే పరాయివాడు కావడం ఏమిటో వాడికి మనకంటే తొందరగా అర్థమవుతుంది.

డబ్బున్నవాళ్ళది అన్న మాటలో మాత్రం కొంత నిజముంది. అమెరికా హైస్కూళ్ళలో దీన్ని మొదట ఎత్తుకున్నవి 1882లో ఆండోవర్, ఎక్సెటర్, లారెన్స్‌విల్ లాంటి పెద్దింటి బోర్డింగ్ స్కూళ్ళు. ఆడపిల్లలకు 1926లో బాల్టిమోర్‌లోని బ్రిన్ మార్ స్కూల్లో రోజబెల్ సింక్లేర్ మొదలుపెట్టింది, అదీ ప్రైవేటు స్కూలే. చాలాకాలం బాల్టిమోర్, లాంగ్ ఐలండ్, న్యూయార్క్ పై జిల్లాలు దాటి ఈ ఆట పెద్దగా కదల్లేదు. దానికో చిన్న కారణం కర్ర. హికరీ చెక్కను ఆవిరి పట్టి వంచి, నెలల తరబడి ఆరబెట్టి, చేత్తో వల అల్లితే గానీ ఒక స్టిక్ తయారయ్యేది కాదు. ఒక కర్రలా ఇంకో కర్ర ఉండేదీ కాదు. 1970లో బాల్టిమోర్‌లోని ఎస్‌టీఎక్స్ కంపెనీ ప్లాస్టిక్ తల తెచ్చాక ఏ ఊళ్ళో పిల్లాడైనా దుకాణానికెళ్ళి కొనుక్కోగలిగాడు. ఇప్పుడు దేశం మొత్తమ్మీద హైస్కూళ్ళలో లక్షకు పైగా మగపిల్లలు, దాదాపు అంతమంది ఆడపిల్లలు ఆడుతున్నారు. మా మావగారికి ఇంకోలా చెప్పి ఒప్పించాను. 2023 అక్టోబరులో ఒలింపిక్ కమిటీ సమావేశం మన ముంబైలో జరిగింది కదా, 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లోకి క్రికెట్‌ను తీసుకున్నది అక్కడే. అదే తీర్మానంలో లాక్రోస్‌నూ తీసుకున్నారు. క్రికెట్‌తో పాటే వస్తోందని తెలిశాక ఆయన దాన్ని కర్రసాము అనడం మానేశారు.

ఇక మా చెల్లెలు చివర్లో అన్న మాట. టీమ్ కొత్తది, ఒక్కటీ గెలవలేదు అని. ఆమె దాన్ని లోపంగా చెప్పింది. నాకు మాత్రం ఆ ఒక్క మాట కోసమే పిల్లాణ్ణి పంపవచ్చనిపించింది.

మావాడు చేరింది 2013లో. వాళ్ళ స్కూల్ టీమ్‌కు అప్పుడు రెండో ఏడు. మొత్తం పద్నాలుగు మంది. మగపిల్లల ఆటలో మైదానంలో పదిమంది ఉంటారు: గోలీ, ముగ్గురు డిఫెన్స్, ముగ్గురు మిడ్‌ఫీల్డ్, ముగ్గురు అటాక్. నూటపది గజాల మైదానంలో ఆ మిడ్‌ఫీల్డ్‌వాళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెడుతూనే ఉండాలి. అందుకే ఒకటి రెండు నిమిషాలకోసారి ఒక ముగ్గురు బయటికొచ్చి ఇంకో ముగ్గురు లోపలికి వెళ్తారు. మాకు మార్చడానికి ఉన్నదే నలుగురు. మూడో క్వార్టర్ వచ్చేసరికి పిల్లలకు కాళ్ళు తేలిపోయేవి. 17-2, 15-1, అలా ఉండేవి స్కోర్లు. అదే రోజుల్లో లాంగ్ ఐలండ్‌లో మన్‌హాసెట్, గార్డెన్ సిటీ హైస్కూళ్ళు 1935 నుంచి ఏటా తలపడుతున్నాయని, ఫుట్‌బాల్ వీరుడు జిమ్ బ్రౌన్ ఆ మన్‌హాసెట్‌లోనే లాక్రోస్ ఆడాడని ఎక్కడో చదివి మా ఆయన పొంగిపోయి వాడికి చెప్పాడు. "వాళ్ళ తాతలు కూడా ఆడారు డాడీ, మా గోలీ పోయిన నెలే నేర్చుకున్నాడు" అన్నాడు వాడు.

టెక్సస్‌లో ఇంకో చిక్కుంది, ఇక్కడికి కొత్తగా వచ్చే మనవాళ్ళకు అది తెలీదు. స్కూల్ ఆటలు నడిపే యూఐఎల్ సంస్థ లాక్రోస్‌ను గుర్తించలేదు. మినెసోటాలో 2007 నుంచి, ఇల్లినాయ్‌లో 2018 నుంచి రాష్ట్ర స్థాయి పోటీలు రాష్ట్ర సంఘాలే నడుపుతున్నాయి. న్యూజెర్సీ, మేరీలాండ్‌లో అయితే స్కూలే అన్నీ చూసుకుంటుంది. ఇక్కడ పిల్లల జెర్సీ మీద స్కూల్ పేరుంటుంది గానీ, వెనక ఉండేది అమ్మానాన్నలు నడిపే క్లబ్బు. బస్సు, కోచ్ జీతం, రెఫరీల ఫీజు, మైదానం అద్దె అన్నీ మన జేబులోంచే. స్టేడియం ఫుట్‌బాల్‌ది, సాకర్‌ది, ఆ తర్వాత ట్రాక్‌ది. మాకు మిడిల్ స్కూల్ వెనకాల ఎత్తుపల్లాల గడ్డి దొరికింది. శనివారం పొద్దున్నే నాన్నలు రంగు డబ్బాలతో వెళ్ళి గీతలు గీసేవారు. గోలు చుట్టూ తొమ్మిదడుగుల వ్యాసార్ధంతో వలయం గీయాలి. మేకుకు తాడు కట్టి ఎంత తిప్పినా అది వాళ్ళకు దోసకాయలా వచ్చేది. ఆఖరికి మా పక్కవీధి ఖమ్మం ఆవిడ తాడు లాక్కుని ఒక్క చుట్టులో గీసేసింది. ఇన్నేళ్ళు ముగ్గులేసిన చెయ్యి మరి. ఆ రోజు నుంచి ఆ పని ఆమెకే.

నేను మీకు చెప్పే మొదటి సలహా ఇక్కడే ఉంది. మనవాళ్ళం చాలామందిమి పిల్లల్ని దింపేసి కారులో ఏసీ వేసుకుని ల్యాప్‌టాప్ తెరుస్తాం. ఆట తెలీదు, అక్కడున్నవాళ్ళు తెలీదు, బిడియం. నిజమే. కానీ కొత్త టీమ్‌కు మనిషి సాయం ఎంత కావాలంటే, మీకు ఆట తెలుసా అని ఎవరూ అడగరు. మా ఆయన గుంటూరులో టెన్నిస్ బంతి క్రికెట్ టోర్నమెంట్లకు స్కోరు రాసినవాడు. ఆ ధైర్యంతో స్కోరు పుస్తకం తీసుకున్నాడు. గోలు ఎవరు కొట్టారు, పాస్ ఎవరిచ్చారు, నేలమీద దొర్లే బంతిని ఎవరు ఎత్తారు, ఎవరిని ఎన్ని సెకన్లు పెనాల్టీ బెంచీ మీద కూర్చోబెట్టారు. చిన్న తప్పుకు 30 సెకన్లు, ఒంటి మీదికెళ్తే నిమిషం నుంచి మూడు నిమిషాలు. రెండు వారాల్లో ఆట మొత్తం ఆయనకు వచ్చేసింది. కొడుకుతో మాట్లాడటానికి ఒక భాష కూడా దొరికింది. పదిహేనేళ్ళ మగపిల్లాడితో మాట్లాడటానికి ఏదో ఒకటి దొరకడం ఎంత కష్టమో ఆ వయసు పిల్లలున్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

టీమ్ పెరగడం అంటే నేనేదో మెట్లెక్కినట్టు ఉంటుందనుకున్నాను. అలా జరగలేదు. మూడో ఏడు ఇద్దరు నాన్నలు ఐదు, ఆరో తరగతి పిల్లలకు ఆదివారం సాయంత్రాలు ఉచితంగా నేర్పడం మొదలుపెట్టారు, పాత స్టిక్‌లు అరువిచ్చి. ఆ పిల్లలు హైస్కూలుకొచ్చేదాకా మూడు నాలుగేళ్ళు ఫలితమేమీ కనపడదు. అసలు పని అదేనని ఇప్పుడు వెనక్కి చూస్తే తెలుస్తోంది. నాలుగో ఏడుకు ముప్పైమందయ్యారు, జూనియర్ టీమ్ ఒకటి విడిగా ఏర్పడింది. ఆ వేసవిలో కోచ్ వేరే ఊరెళ్ళిపోయాడు. కొత్తాయన అరుపులకు సగం మంది మానేశారు. మళ్ళీ ఇరవై లోపలికి వచ్చాం. మావాడి ఆఖరి ఏడు అలాగే గడిచింది. గెలిచినవి నాలుగే. వాడు 2017లో హైస్కూల్ అయిపోయి వెళ్ళిపోయాక, ఆ ఆదివారం పిల్లలు ఒక్కొక్కరే పైకి రావడం మొదలైంది. 2018లో ఆడపిల్లల టీమ్ పెట్టబోతే పదకొండు మంది చేరారు. వాళ్ళ ఆటకు పన్నెండు మంది కావాలి. పన్నెండోది మా అమ్మాయి. ఇంకా మిడిల్ స్కూల్ దాటి హైస్కూల్లో అడుగే పెట్టలేదు, వచ్చే ఏడాదికి పేరు రాసేసుకున్నారు. అది హైస్కూల్ ముగించిన 2022లో మగపిల్లలకు ఒక వర్సిటీ టీమ్, రెండు జూనియర్ టీమ్‌లు, మంచి మైదానం, రాత్రి మ్యాచ్‌లకు దీపాలు. స్టాండ్‌లో నా పక్కన కూర్చున్న కొత్త అమ్మను, ఈ టీమ్ ఎప్పటిదని అడిగాను. ఎప్పట్నుంచో ఉందండీ, పాత టీమ్ అంది.

మీ పిల్లాడు ఆ కథలో ఏ పేజీలో చేరుతున్నాడో ముందు చూసుకోండి. మొదటి పేజీల్లో చేరితే ఓడిపోతాడు, కానీ ప్రతి మ్యాచ్‌లో ఆడతాడు. పాత టీమ్‌లో చేరితే గెలుస్తాడు, ఏడాదంతా బెంచీ మీద కూర్చోవచ్చు. నన్నడిగితే పద్నాలుగేళ్ళ పిల్లలకు ఆడటం ముఖ్యం. అలాగని ఓడిపోవడం గొప్ప విద్య అని వాడికి ఉపన్యాసం ఇవ్వకండి. నేనిచ్చాను, మొదటి ఏడు, ఇంటికొచ్చే దారిలో కారులో. వాడు హెల్మెట్ తియ్యకుండానే కూర్చున్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఓడిన రోజు కారులో "ఏం తింటావు నాన్నా" అన్న ఒక్క ప్రశ్నే. మిగతాది వాడు మొదలుపెడితేనే. సాధారణంగా రెండో టాకో అయ్యాక మొదలుపెట్టేవాడు.

దెబ్బల గురించి మెత్తగా చెప్పలేను. మగపిల్లల ఆటలో ఒంటితో ఢీకొనడం ఉంటుంది, కర్రతో చేతుల మీద కొట్టడం ఉంటుంది. డిఫెన్స్‌వాళ్ళ కర్ర ఆరడుగుల దాకా ఉండవచ్చు. బంతి గట్టి రబ్బరు, క్రికెట్ బంతికంటే కాస్త తేలికంతే. హెల్మెట్, మౌత్‌గార్డ్, భుజాలకూ చేతులకూ ప్యాడ్‌లు, గ్లోవ్‌లు తప్పనిసరి. ఆడపిల్లల ఆట నిబంధనలే వేరు. ఢీకొట్టకూడదు, అందుకని కళ్ళకు గాగుల్స్, నోట్లో మౌత్‌గార్డ్, అంతే. గోలీకి మాత్రం అన్నీ ఉంటాయి. ఇద్దరు పిల్లలున్నవాళ్ళు అన్నయ్య సామాను చెల్లెలికి వస్తుందనుకుని మోసపోతారు. కర్ర కూడా రాదు, వల లోతు వేరు.

మగపిల్లల పాత షోల్డర్ ప్యాడ్‌లు ఎవరన్నా ఇస్తే మొహమాటపడి తీసుకోకండి. గుండెకు సరిగ్గా ఒకానొక క్షణంలో బంతి తగిలితే, ఎముక విరక్కుండానే, ఆరోగ్యంగా ఉన్న పిల్లాడి గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. చాలా అరుదు, కానీ ఈ ఆటలో జరిగింది. అందుకే 2022 నుంచి మగపిల్లలు ఆ దెబ్బను తట్టుకునేలా పరీక్షించిన, ఎన్‌డీ200 ప్రమాణం గుర్తు ఉన్న ప్యాడ్‌లే వేసుకోవాలని నిబంధన వచ్చింది. ప్యాడ్ మీద ఆ గుర్తు చూసి కొనండి. ప్యాడ్ ఉన్నా సరే, గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ పెట్టె మైదానానికి ఎంత దూరంలో ఉందో, అది ఉన్న గదికి సాయంత్రం ఐదు తర్వాత తాళం వేస్తారేమో కనుక్కోండి. మాకు ఒక ఏడాదంతా అది తాళం వేసిన గదిలోనే ఉందని ఏడాది చివర్లో తెలిసింది. ఆ తర్వాత ఒకటి కొని కోచ్ సంచీలోనే పెట్టాం.

తలకు దెబ్బ తగిలితే పిల్లలు దాస్తారు. తర్వాతి మ్యాచ్ పోతుందని భయం. మనవాళ్ళలో కొందరం కూడా, పరీక్షల ముందు డాక్టరెందుకులే అని ఊరుకుంటాం. వెలుతురు చూడలేకపోతున్నాడా, అడిగిందే మళ్ళీ అడుగుతున్నాడా, అన్నం సహించట్లేదా గమనించండి. అనుమానం వస్తే ఆ రోజుకు ఆట బంద్, డాక్టరు సరేనంటేనే మళ్ళీ. మీరూ కోచ్ ఒకే మాట మీద ఉండాలి. ఇందులో మొహమాటానికి తావులేదు. చేర్చే ముందు జరిగే మీటింగులో జెర్సీ రంగు గురించి అరగంట మాట్లాడతారు. మీరు లేచి, మ్యాచ్ దగ్గర ట్రైనర్ ఉంటారా, కోచ్‌లకు తల దెబ్బల మీద శిక్షణ ఉందా, ఏడాదికి మొత్తం ఖర్చెంత, కట్టలేనివాళ్ళకు ఏమన్నా సర్దుబాటు ఉందా అని అడగండి. ఆ చివరి ప్రశ్న మీకు అవసరం లేకపోయినా అడగండి. అవసరమున్న ఇంకొకరు వెనక వరసలో కూర్చుని ఉంటారు.

కాలేజీ సంగతికొస్తాను. మా చెల్లెలు దీన్ని మధ్యలో మామూలుగా అడిగేసింది గానీ, ఫోన్ చేసింది దానికోసమేనని నాకు తెలుసు. పురుషుల లాక్రోస్ ఉన్న డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై అంచె) కాలేజీలు దేశంలో డెబ్బై పైచిలుకే. 2025 దాకా ఒక్కో కాలేజీకి అనుమతించిన స్కాలర్‌షిప్‌లు 12.6, వాటిని నలభై, యాభైమందికి ముక్కలు చేసి పంచేవారు. ఇప్పుడు ఆ లెక్క మారింది గానీ, డబ్బు ధారాళంగా పారుతుందని కాదు. మనవాళ్ళు కలలు కనే ప్రిన్స్‌టన్, కార్నెల్ ఈ ఆటలో ఉద్దండులే, కానీ అవి ఉండే ఐవీ లీగ్ ఆటకంటూ స్కాలర్‌షిప్ ఇవ్వదు. కింది అంచె డివిజన్ త్రీ కూడా అంతే. మావాడి రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లలకే కోచ్‌లు నోటిమాట ఇచ్చేసేవారు. తొమ్మిదో తరగతి పిల్లాడికి కాలేజీ ఏమిటని పెద్దలు మొత్తుకోగా, 2017లో నిబంధన మార్చారు. పదకొండో తరగతి సెప్టెంబర్ 1 దాకా కాలేజీ కోచ్‌లు పిల్లలతో ఆ మాటలు మాట్లాడకూడదు. కాబట్టి ఎనిమిదో తరగతి పిల్లాడి వీడియోలు తీయించండి, వేసవి టోర్నమెంట్లకు విమానాలెక్కించండి అని ఎవరన్నా తొందరపెడితే, ఆ తొందర వాళ్ళదే. ఒక వేసవి ఆ వలలో పడి మేం పెట్టిన డబ్బుతో ఇండియాకు నలుగురం వెళ్ళొచ్చేవాళ్ళం. వాడు ఆడింది మూడు రోజులు, చాలాభాగం నీడ కోసం వెతుక్కున్నాం.

చదువుతో తగువు వస్తుంది, అది మాత్రం ఖాయం. ఈ ఆట ఫిబ్రవరిలో మొదలై మేలో ముగుస్తుంది. హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు మేలోనే. ప్లే ఆఫ్‌ల వారమే మావాడికి కెమిస్ట్రీ, కాలిక్యులస్ పడ్డాయి. పరీక్ష వారంలో ప్రాక్టీస్ మానిపించాలని నేను, వద్దని వాడు. ఆఖరికి వాడే జనవరి నుంచి ఆదివారాలు ముందుకు లాక్కుని చదివాడు. ఆ ఆదివారాల్లో మనబడి తరగతులు కొన్ని పోయాయి, తెలుగు వత్తులు ఇప్పటికీ వాడికి సరిగ్గా రావు. అది నాకు బాధే. అన్నీ సర్దుకున్నాయని అబద్ధం చెప్పను. ఉగాది కూడా ఒకటి రెండుసార్లు మ్యాచ్ రోజే వచ్చింది. పచ్చడి డబ్బాలో పెట్టుకెళ్ళాను. వేపపువ్వు తగిలిన వాడి స్నేహితుడి మొహం నేను మర్చిపోలేను.

అమ్మాయిలున్నవాళ్ళకు ఒక మాట. కొత్త టీమ్‌లు అమ్మాయిల కోసం వెతుకుతుంటాయి, మా అమ్మాయిని లెక్క కోసమే తీసుకున్నారు. డాన్స్ నేర్చుకున్న పిల్ల, బంతిని వలలో ఊగిస్తూ పరిగెత్తడం దానికి వారంలో వచ్చింది. మణికట్టు తిప్పడం దానికి ముందే తెలుసు. కూచిపూడి టీచరు మోకాళ్ళ గురించి కోప్పడింది. రెండేళ్ళు రెండూ నడిచాయి, తర్వాత డాన్స్ ఆగింది. తల్లిగా నేను ఏది ఆగాలని కోరుకున్నానో ఇక్కడ రాయను. నిర్ణయం దానిదే.

మా చెల్లెలు ఫోన్ పెట్టేసే ముందు, ఏ స్టిక్ కొనాలో లింకు పంపమంది. మూడొందల డాలర్ల స్టిక్ ఒకటి వాడు ఇప్పటికే చూపించాడట. వద్దన్నాను. మొదటి ఏడు దాన్ని ఎలాగూ బస్సులో మర్చిపోతాడు. హెల్మెట్, ప్యాడ్‌లు కొత్తవి కొను, కర్రకు మాత్రం మా గరాజ్‌కు రా. తలుపు పక్కన మేకుకు రెండు వేలాడుతున్నాయి. ఒకదానికి వల మళ్ళీ అల్లించాలి. రెండోది బాగానే ఉంది, పిడికి టేపు చుడితే చాలు. పిల్లాణ్ణి కూడా తీసుకురా, ఇటుక గోడ ఎటు ఉందో ముందే చూపిస్తాను.